తొమ్మిదేళ్ల తర్వాత ఒక సవరణ

మొదటి రోజు: 2020 జనవరి 21, మంగళవారం

దోహాలో విమానం మారి ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మన దగ్గర సంక్రాంతి వెళ్లిన వారం. ఇక్కడ స్వెట్టర్ మీద జాకెట్ వేసుకున్నా చెవుల్లోంచి చలి దూరుతోంది. నన్ను ఆఫీసు పంపలేదు. దాచుకున్న సెలవులు, దాచుకున్న డబ్బులతో వచ్చాను. ఎందుకు వచ్చానో ముందే చెప్పేస్తాను.

2010 డిసెంబర్, 2011 జనవరి నెలల్లో నేను ఒక తెలుగు పత్రికలో రాత్రి డెస్క్ మీద విదేశీ వార్తల పేజీ చూసేవాణ్ని. ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తుంది. దాన్ని తెలుగు చేసి, హెడ్డింగ్ పెట్టి, టైముకి పేజీ వదలాలి. ట్యునీషియాలో మహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి కుర్రాడు ఒంటికి నిప్పు పెట్టుకోవడం, దాంతో జనం ప్రభుత్వం మీద తిరగబడటం ఆ రోజుల వార్తే. ‘నిరుద్యోగ పట్టభద్రుడి ఆత్మాహుతి’ అని హెడ్డింగ్ పెట్టింది నేనే. ‘మహిళా అధికారి చెంపదెబ్బ కొట్టడంతో’ అని లోపల రాసిందీ నేనే. అధ్యక్షుడు బెన్ అలీ పారిపోయిన రాత్రి ‘మల్లెపూల విప్లవం’ అన్నదీ నేనే. మొదటిది తప్పు. రెండోది కోర్టులో నిలబడలేదు. మూడోది ఇక్కడి ఊళ్లలో ఎవరూ అనని మాట. ఒక్కదానికీ మేం సవరణ వేయలేదు.

డెస్క్‌కి రాకముందు నల్గొండ జిల్లాలో ఆరేళ్లు మండల విలేకరిగా పనిచేశాను. మండల విలేకరికి జీతం ఉండదు, అచ్చయిన వార్తకి లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. మన ఊరి పేరు, మన ఊరి మనిషి పేరు పేపర్లో తప్పుగా వస్తే మర్నాడు పొద్దున టీ బండి దగ్గర ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకే ఈ తప్పులు ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు.

నా వెంట ఉండే అనువాదకుడు ట్యూనిస్ కుర్రాడే, ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పుకుంటాడు. వయసులో పెద్దవాణ్నని నన్ను ‘అమ్మీ’ అంటున్నాడు. అంటే బాబాయి. రాత్రి చలికి లబ్లాబీ తిందామని ఓ చిన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. ఖాళీ గిన్నె, నిన్నటి రొట్టె మన చేతికిస్తారు. రొట్టెను మనమే తుంచి గిన్నెలో వేసుకోవాలి. దాని మీద ఉడికిన శనగలు, పొగలు కక్కే చారు పోసి, జీలకర్ర పొడి, ఆలివ్ నూనె, ఓ చెంచాడు హరీసా వేస్తారు. హరీసా అంటే మన కొరివికారానికి తోబుట్టువే. రెండో ముద్దకే ఒంట్లో చలి పోయింది. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు ముసలివాళ్లు కొత్త ప్రధాని గురించి గొంతు పెంచి వాదించుకుంటున్నారు. ఎలియెస్ ఫఖ్‌ఫాఖ్‌ని అధ్యక్షుడు నిన్ననే ప్రధాని పదవికి ఎంపిక చేశాడు. అంతకు ముందు ఎంపికైన మనిషి జనవరి 10న పార్లమెంటులో విశ్వాస పరీక్ష నెగ్గలేకపోయాడు. ‘పదేళ్ల కిందట ఇలా హోటల్లో అరుచుకునేవాళ్లా?’ అని అడిగాను. కుర్రాడు పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

రెండో రోజు: జనవరి 22

ట్యూనిస్‌లో హబీబ్ బుర్గీబా అవెన్యూ. టీవీలో వందసార్లు చూసిన రోడ్డు. మధ్యలో రెండు వరసల చెట్లు, అటూ ఇటూ కాఫీ షాపులు, ఒక చివర గడియార స్తంభం. బూడిదరంగు హోం శాఖ భవనం చుట్టూ ఇంకా ముళ్లకంచె ఉంది. 2011 జనవరి 14న వేలాది మంది ఈ భవనం ముందు నిలబడి ‘దెగాజ్’ అని అరిచారు. ఫ్రెంచ్ మాట, ‘పో అవతలికి’ అని అర్థం. సాయంత్రానికి 23 ఏళ్ల బెన్ అలీ పాలన ముగిసింది. అతను సౌదీకి వెళ్లిపోయాడు. నాలుగు నెలల కిందట, 2019 సెప్టెంబర్‌లో, అక్కడే చనిపోయాడు.

అదే రోజు ఈ వీధుల్లోనే ఫొటోగ్రాఫర్ లూకా మెబ్రూక్ డొలేగాకు బాష్పవాయు గోళం తలకు తగిలింది. మూడు రోజుల తర్వాత ప్రాణం పోయింది. ముప్పై రెండేళ్లు. ఆ వార్త ఆ రోజు నా పేజీలో మూడు లైన్లు వచ్చినట్టు గుర్తు.

పొద్దు గూకే వేళ చెట్ల మీద పిట్టలు చేసే గోలకి పక్క మనిషి మాట వినపడదు. ఆ గోలలోనే కుర్రాడు అన్నాడు: ‘అమ్మీ, ఇది విప్లవం పూర్తయిన చోటు. మొదలైన చోట్లకి మీ విలేకరులు పెద్దగా రారు.’

ఈ నోట్సు ఇప్పుడు సాపు చేస్తుంటే ఇంకో సంగతి రాయక తప్పడం లేదు. నేను తిరిగొచ్చిన ఏడాదిన్నరకి, 2021 జూలై 25న, అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాడు. మర్నాడే ట్యూనిస్‌లోని అల్ జజీరా ఆఫీసును పోలీసులు ఖాళీ చేయించారు. 2022 సెప్టెంబర్‌లో 54వ నంబరు డిక్రీ వచ్చింది. ఆన్‌లైన్‌లో ‘తప్పుడు వార్త’ పెడితే ఐదేళ్ల దాకా జైలు. ఆ డిక్రీ కింద విలేకరుల మీద, లాయర్ల మీద కేసులు పెట్టారు. ఆ లబ్లాబీ హోటల్లో ముసలివాళ్లు ఇప్పుడూ అలాగే అరుచుకుంటున్నారా అని నాకు తరచూ అనిపిస్తుంది.

మూడో రోజు: జనవరి 23

ఊళ్ల మధ్య తిరిగే షేర్ వ్యాన్లను ఇక్కడ లూఆజ్ అంటారు. తెల్ల వ్యాను, దూరప్రయాణమైతే ఎర్ర చార. టైమ్‌టేబుల్ లేదు. ఎనిమిది మంది నిండితే కదులుతుంది. దేవరకొండ సెంటర్లో జీపుల వాళ్లు అరిచినట్టే ‘సీదీ బూజీద్! సీదీ బూజీద్!’ అని అరుస్తున్నారు. బువజీజీ ఊరు అదే. ఏడుగురం అయ్యాక ఎనిమిదో మనిషి కోసం నలభై నిమిషాలు కూర్చున్నాం. ఎవరూ విసుక్కోలేదు.

రెండు వందల అరవై కిలోమీటర్లకు పైగా దక్షిణానికి ప్రయాణం. ట్యూనిస్ దాటి గంట గడిచేసరికి రోడ్డు పక్కన కట్టడాలు పలచబడి, ఆలివ్ తోటలు మొదలయ్యాయి. కొలతబద్ద పెట్టి నాటినట్టు వరసలు. సముద్రతీరంలో హోటళ్లు, ఫ్యాక్టరీలు. లోపలి జిల్లాల్లో పంటలు, వాటిని తీసుకెళ్లే లారీలు. పంట ఇక్కడ, దాని మీద వచ్చే డబ్బు అక్కడ. తెలంగాణలో పుట్టినవాడికి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సాయంత్రం దిగాం. ఊరి నడిబొడ్డున రాతితో చెక్కిన తోపుడుబండి. పోస్టాఫీసు గోడ నిండా నవ్వుతున్న కుర్రాడి బొమ్మ, మహమ్మద్ బువజీజీ. ఆ రోడ్డుకీ అతని పేరే. కింద బెంచీ మీద అతని వయసు కుర్రాళ్లే నలుగురు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. పనుల గురించి అడిగితే ఒకడు రెండు చేతులూ విదిలించి ఖాళీ అని చూపించాడు.

నాలుగో రోజు: జనవరి 24, శుక్రవారం

2010 డిసెంబర్ 17 కూడా శుక్రవారమే. బువజీజీకి ఇరవై ఆరేళ్లు. బండి మీద పండ్లు, కూరగాయలు అమ్మేవాడు. మున్సిపాలిటీ వాళ్లు సరుకూ, కాటా లాక్కున్నారు. ఫిర్యాదు చేద్దామని గవర్నర్ ఆఫీసుకి వెళితే లోపలికి రానివ్వలేదు. గేటు ముందే ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. జనవరి 4న ఆస్పత్రిలో చనిపోయాడు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

మిగతాది నేను ఊళ్లో నలుగురిని విడివిడిగా అడిగాను. చదువు గురించి నలుగురూ ఒకే మాట చెప్పారు. అతను డిగ్రీ చదవలేదు, హైస్కూలే పూర్తి కాలేదు. ‘పట్టభద్రుడు’ అన్న మాట మొదటి రోజుల్లో ఊరి నుంచే బయటికి వెళ్లింది. డిగ్రీ చదివి ఉద్యోగం లేనివాళ్లు దేశం నిండా ఉన్నారు, ఆ మాట వింటే వాళ్లు తమవాడే అనుకుంటారని. అక్కణ్నుంచి ప్రపంచంలోని పత్రికలన్నీ ఎత్తుకున్నాయి, మాతో సహా. చెంపదెబ్బ సంగతి వేరు. ఆ మహిళా ఇన్‌స్పెక్టర్ కొట్టలేదనే చెబుతూ వచ్చింది. దాదాపు నాలుగు నెలలు నిర్బంధంలో ఉంది. 2011 ఏప్రిల్‌లో కోర్టు ఆమెను విడిచిపెట్టింది. ‘కొట్టింది’ అని నేను రాసిన రోజు ఆమె వైపు మాట ఒక్క లైను కూడా నా కాపీలో లేదు. నేను అడగలేదు కూడా. ఒక ఆడమనిషి ఉద్యోగం, పరువు పోయిన విషయంలో నా చేతి రాత కూడా ఉంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు వీధి చివర తోపుడుబండి పెట్టుకున్న ఒక నడివయసు మనిషి దగ్గర నారింజలు కొన్నాను. కాటా ఎక్కడా కనపడలేదు. కిలో అనగానే బండి కింద గోనెపట్టాలోంచి చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీసి, తూచి, మళ్లీ పట్టాలో చుట్టి కిందికి తోసేశాడు. ఇంకొకరు వచ్చి అడిగితే మళ్లీ తీశాడు, మళ్లీ చుట్టాడు. ఎందుకని నేను అడగలేదు. కుర్రాడూ అడగలేదు. నారింజలు తియ్యగా ఉన్నాయి. డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను.

వార్త బయటికి ఎలా వెళ్లిందన్నది ఊరి వాళ్లు ఉత్సాహంగా చెబుతారు. నిప్పంటించుకున్న దృశ్యాన్ని ఎవరూ తీయలేదు. ఆ తర్వాత అతని తల్లి, బంధువులు మున్సిపాలిటీ ముందు చేసిన ధర్నాను బంధువు ఒకాయన ఫోన్‌లో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఆ సాయంత్రమే అల్ జజీరా దాన్ని చూపించింది. ఆ చానెల్‌కి అప్పుడు ట్యునీషియాలో ఆఫీసు పెట్టుకునే అనుమతి లేదు. దేశ టీవీలో ఈ ఊరి ఊసే లేదు. అంటే సీదీ బూజీద్‌లో ఏం జరుగుతోందో పక్క జిల్లా వాళ్లు ఖతర్‌లో ఉన్న చానెల్‌లో చూశారు. పోలీసులు ఊరిని చుట్టుముట్టాక కూడా ఫోన్లు ఆగలేదు. ప్రభుత్వం ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు దొంగిలించడం మొదలుపెట్టింది. ఒకరి అకౌంట్ పోతే ఇంకొకరు పెట్టారు.

మల్లెపూల మాట ఎత్తితే ఒక టీచరమ్మ కోపంగా అంది: ‘డిసెంబర్‌లో మల్లెలు ఎక్కడ పూస్తాయి? మాది కరామా విప్లవం.’ కరామా అంటే ఆత్మగౌరవం. దానికి ఎదురు మాట ‘హగ్రా’. పైవాడు కిందివాణ్ని పురుగులా చూడటం. ఈ రెండు మాటలూ ఆ రోజు వీధిలో కనీసం ఇరవైసార్లు విన్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు. తెలంగాణ కోసం ఒంటికి నిప్పు పెట్టుకున్న శ్రీకాంతాచారి 2009 డిసెంబర్‌లో చనిపోయినప్పుడు మా డెస్క్‌లో ఇదే చర్చ. ఎంత పెద్దగా వేయాలి, ఫొటో వేయాలా వద్దా, మనం రాసే హెడ్డింగ్ చదివి ఇంకో పిల్లవాడు ఏం చేసుకుంటాడో. ఆ చర్చ ఎప్పుడూ తెగలేదు. బువజీజీ బొమ్మ గోడ మీద అంత పెద్దదిగా చూసినప్పుడు గర్వం కన్నా భయమే ఎక్కువ వేసింది నాకు.

ఐదో రోజు: జనవరి 25

పొద్దున రెగెబ్. చిన్న ఊరు, చుట్టూ కూరగాయల తోటలు. 2011 జనవరి 9న ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజుల్లో ట్యూనిస్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆస్పత్రిలోకి వెళ్లి, చనిపోయినవాళ్ల ఫొటోలు తీసి, ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడి, అంతా తన బ్లాగులో పెట్టింది. ఆమె లీనా బెన్ మ్హెన్నీ, యూనివర్సిటీలో ఇంగ్లిష్ చెప్పేది. అప్పటికి బ్లాగులు రాసేవాళ్లు చాలామంది మారుపేర్లతో రాసేవారు. ఆమె సొంత పేరు, సొంత ఫొటో పెట్టి రాసింది. 2010లోనే ఇంట్లో కంప్యూటర్లు, కెమెరాలు ఎత్తుకుపోయారు. మూత్రపిండ మార్పిడి చేయించుకున్న మనిషి, ఆ చలిలో ఈ ఊళ్లన్నీ తిరిగింది. అమ్మే ఆమెకు కిడ్నీ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో ట్యూనిస్‌లో ఆమెను కలవగలనేమోనని నాకు ఆశ. ఆరోగ్యం బాగోలేదని విన్నాను.

మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి, ఇంకో లూఆజ్‌లో కసరీన్. ఊరి వెనక షాంబీ కొండ, దేశంలో అన్నిటికన్నా ఎత్తయినది. మిలిటెంట్ల వల్ల అది ఇప్పుడు సైన్యం చేతిలో ఉంది. మగవాళ్లు ‘కషాబియా’ అనే ముదురు గోధుమరంగు ఉన్ని అంగీ వేసుకుని, దాని టోపీ తల మీదికి లాక్కుని తిరుగుతున్నారు. కసరీన్‌లో, పక్కనే ఉన్న థాలాలో 2011 జనవరి రెండో వారంలో ఇరవై మందికి పైగా కాల్పుల్లో చనిపోయారు.

హయ్ అజ్జుహూర్ బస్తీలో ఒక తల్లి ఇంట్లో కూర్చున్నాం. కొడుకు ఫొటో టీవీ మీద ఉంది. మింట్ టీ గ్లాసుల్లో పోస్తూ ఒక్కటే అడిగింది: ‘జాబితా ఎప్పుడు వస్తుంది?’ విప్లవంలో చనిపోయినవాళ్ల పేర్లు గెజిట్‌లో అచ్చు వేయమని కుటుంబాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. 2012లో విచారణ సంఘం 338 మంది చనిపోయారని చెప్పింది. నేను అక్కడ ఉన్నప్పటికి గెజిట్ రాలేదు. 2021 మార్చిలో వచ్చింది, 129 పేర్లతో. ఆ తల్లి కొడుకు పేరు అందులో ఉందో లేదో అరబిక్ చదవగలిగే వాళ్లతో వెతికించాను. ఉంది. ఆ ఇంటి ఫోన్ నంబరు కలవలేదు.

కసరీన్‌లో నేను ప్రత్యేకంగా అడిగింది అబ్దుర్రజాక్ జుర్గీ గురించి. టీవీ కెమెరామన్, 32 ఏళ్లు. 2018 డిసెంబర్ 24న, కసరీన్‌లో బతుకుతెరువు లేని కుర్రాళ్ల కోసం ఇలా చేస్తున్నానని వీడియోలో చెప్పి, ఊరి మధ్యలో నిప్పంటించుకుని చనిపోయాడు. ఎనిమిదేళ్ల పాటు ప్రపంచమంతా ఈ ప్రాంతం గురించి వార్తలు వేసింది. ఆ వార్తలకు బొమ్మలు తీసిన ఊరి మనిషి బతుకు మారలేదు. ఇక్కడి విలేకరి ఒకాయన తన నెల సంపాదన చెప్పాడు. లైన్ అకౌంట్ గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నాం.

చీకటి పడ్డాక లాడ్జి గుమ్మంలో ఇద్దరు మఫ్టీ మనుషులు ఆపారు. 2015 నుంచి దేశంలో అత్యవసర పరిస్థితి ఉంది, వాళ్లకి అడిగే హక్కు ఉంది. పాస్‌పోర్టు చూశారు. నోట్‌బుక్ ఇమ్మన్నారు. గుండె దడదడలాడింది, ఆ తల్లి పేరు అందులో ఉంది. ఒకతను పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. గుండ్రటి తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకి జరిపాడు, మళ్లీ ఎడమ నుంచి కుడికి. ‘ఏం భాష?’ అన్నాడు. చెప్పాను. తన పేరు ఆ భాషలో రాయమన్నాడు. చేయి వణుకుతుంటే రాశాను. ఆ కాగితం చింపుకుని జేబులో పెట్టుకుని నోట్‌బుక్ తిరిగి ఇచ్చేశాడు. ఆ రాత్రే ఆమె పేరు కొట్టేశాను.

ఆరో రోజు: జనవరి 26, ఆదివారం

మన రిపబ్లిక్ డే. గఫ్సాలో వ్యాను మారి, బట్టతల కొండల మధ్య నుంచి రెదెయెఫ్. అల్జీరియా సరిహద్దు దగ్గర ఫాస్ఫేట్ గనుల ఊరు. నా ప్రయాణంలో అసలు గమ్యం ఇదే.

రోడ్డు పక్కన, ఇళ్ల మీద, చెట్ల ఆకుల మీద సన్నటి బూడిద దుమ్ము. ఫ్రెంచ్‌వాళ్ల కాలం నుంచీ ఇక్కడ ఫాస్ఫేట్ తవ్వి రైళ్లలో తీరానికి పంపుతున్నారు. ఆ ఫాస్ఫేట్‌తో చేసే ఆమ్లం మన దేశానికీ వస్తుంది. ఆ తీరంలోని స్కిరాలో ఒక ఫ్యాక్టరీ ఉంది, 2013లో మొదలైంది. అందులో రెండు భారతీయ ఎరువుల కంపెనీలకి చెరి 15 శాతం వాటా ఉంది. వాటిలో ఒకటి మన సికింద్రాబాద్‌దే. మా ఊరి రైతు వరికి చల్లే డీఏపీ బస్తాలో ఈ దేశపు మట్టి ఎంతో కొంత ఉండే ఉంటుంది.

మమ్మల్ని ఇంటికి పిలిచిన పెద్దాయన రిటైరైన గని కార్మికుడు. గుమ్మంలో నవ్వుతూ ‘అస్లామా’ అన్నాడు. ఆ నవ్వు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచులు తినేసినట్టు. మర్రిగూడలో, మునుగోడులో నాతో బడికి వచ్చిన పిల్లల పళ్లు అవే. ఫ్లోరైడ్. ఇక్కడా నీళ్లలో అదే ఉంది. నా నోట మాట రాక, నా పళ్లు చూపించి ఆయన పళ్ల వైపు వేలు పెట్టాను. నావి కొంచెమే, అయినా చార ఉంది. ఆయన దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు. ‘హింద్‌లో కూడా గని ఉందా?’ అన్నాడు. లేదు, బోరు నీళ్లు అని చెప్పాను. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టుకుందని చెబితే, భార్యను లోపల్నుంచి పిలిచి ఆమెకూ చెప్పించాడు.

2008 జనవరి 5న గని కంపెనీ కొత్తగా తీసుకునేవాళ్ల పేర్లు ప్రకటించింది. అప్పటికి కంపెనీ ఉద్యోగాలు సగానికి పైగా తగ్గిపోయి ఉన్నాయి, ఆ కొద్ది ఉద్యోగాల మీదే ఊరి ఆశ. జాబితాలో పైవాళ్ల మనుషుల పేర్లే ఉన్నాయని జనం భగ్గుమన్నారు. రెదెయెఫ్, మెత్లావీ, ఉమ్ముల్ అరాయిస్, మధీలా, నాలుగు గని ఊళ్లూ. నిరుద్యోగులు, గనుల్లో చనిపోయినవాళ్ల భార్యలు, టీచర్లు కలిసి టెంట్లు వేసి కూర్చున్నారు. స్కూలు టీచరు, యూనియన్ నాయకుడు అద్నాన్ హాజీ ముందు నడిచాడు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, ఆరు నెలలు. జూన్ 6న కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. తర్వాత సైన్యం వచ్చింది, వందల మంది జైళ్లకు వెళ్లారు.

ఆరు నెలలు! సీదీ బూజీద్ నుంచి బెన్ అలీ పరారీ దాకా పట్టింది ఇరవై తొమ్మిది రోజులు. 2008లో నేను అదే డెస్క్ మీద, అదే పేజీ చూస్తున్నాను. రెదెయెఫ్ అనే పేరు నేనెప్పుడూ టైప్ చేయలేదు.

‘మీ దాకా ఎలా వస్తుంది?’ అన్నాడు పెద్దాయన. లేచి లోపలికి వెళ్లి, ఒక బిస్కెట్ డబ్బాలోంచి గీతలు పడ్డ సీడీ తెచ్చాడు. కవర్ లేదు, మార్కర్‌తో అరబిక్‌లో పేరు, తేదీ. ఊళ్లోవాళ్లు వీడియోలు తీశారు, సీడీలు కొట్టి చేతుల మీదుగా పంచారు. ఒక్కో సీడీని రొట్టెల సంచిలో, పాపాయి బట్టల్లో పెట్టి పక్క ఊరికి చేర్చారు. యూట్యూబ్‌ని ప్రభుత్వం 2007లోనే మూసేసింది. ఫేస్‌బుక్‌ని కూడా 2008 ఆగస్టులో కొన్నాళ్లు ఆపేసింది. ఏ పేజీ తెరిచినా ‘404’ అని వస్తుంటే, దేశంలోని సెన్సార్‌కి జనమే ‘అమ్మార్ 404’ అని పేరు పెట్టుకున్నారు, అదొక మనిషన్నట్టు. ఊరి నుంచి, విదేశం నుంచి ప్రసారమయ్యే శాటిలైట్ చానెల్‌కి దృశ్యాలు పంపిన విలేకరి ఫాహెమ్ బూకద్దూస్‌కు నాలుగేళ్లు శిక్ష వేశారు. ఉబ్బసం ఉన్న మనిషిని 2010 జూలైలో ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ని వచ్చినట్టే జైల్లో పెట్టారు. 2011 జనవరిలో, బెన్ అలీ పోయిన కొద్ది రోజులకి, బయటికొచ్చాడు.

సీడీ పెట్టడానికి ఆ ఇంట్లో ప్లేయర్ లేదు. పక్కింటి నుంచి పాత కంప్యూటర్ తెచ్చారు. పదకొండు నిమిషాల వీడియో. సగం ఆకాశం, సగం కాళ్లు, పరుగు. మధ్యలో ఒక టెంట్, దాని ముందు నల్ల చున్నీ కప్పుకున్న ఆడవాళ్లు, ఒకావిడ కెమెరా వైపు తిరిగి ఏదో గట్టిగా చెబుతోంది. కుర్రాడు అనువాదం చేయబోతే పెద్దాయన భార్య ఆపింది. తనే చెప్పింది, టెంట్‌లో ఉన్న ఆవిడతో పాటే, మాట తర్వాత మాట, ఒక్క తప్పు లేకుండా. పన్నెండేళ్లుగా ఎన్నిసార్లు చూసి ఉంటుందో. ‘మా పిల్లలకి పని కావాలి. మేం ఇక్కడే ఉన్నాం. ఎవరైనా వింటున్నారా?’

టీ చల్లారిపోయింది. మళ్లీ పెట్టింది.

ఏడో రోజు: జనవరి 27

పెద్దాయన లూఆజ్ దాకా వచ్చాడు. ఖర్జూరాలు ఓ సంచి నిండా ఇచ్చాడు. గఫ్సాలో వ్యాను మారి ట్యూనిస్ దారి పట్టాం. రేడియోలో పాట ఆగి, వార్తలు. డ్రైవర్ వాల్యూమ్ పెంచాడు. వ్యానులో ఎవరో ‘యా రబ్బీ’ అన్నారు. కుర్రాడు కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏం చెప్పలేదు. తర్వాత చెప్పాడు, లీనా బెన్ మ్హెన్నీ చనిపోయింది. ముప్పై ఆరేళ్లు.

మిగతా దారంతా వ్యానులో ఆమె గురించే. ఒకాయనకి ఆమె రాతలు నచ్చవట, అయినా ఆమె తండ్రితో కలిసి జైళ్లకి పుస్తకాలు పోగుచేసి పంపిన సంగతి ఆయనే చెప్పాడు. వెనక సీట్లో ఉన్న రెగెబ్ ఆవిడ మాత్రం ఒక్కటే మాట: ‘ఆమె మా ఇంటికి వచ్చింది.’

ఎనిమిదో రోజు: జనవరి 28

జల్లాజ్ శ్మశానం, ట్యూనిస్. ఇక్కడ ఆనవాయితీగా శవపేటికను మగవాళ్లే మోస్తారు. ఇవాళ ఆడవాళ్లు మోశారు. ముసలమ్మలు, కాలేజీ పిల్లలు, చున్నీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు. నాకు దగ్గరగా నడిచిన ఒక పెద్దావిడ భుజం మార్చుకోలేక తడబడితే, వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యి వచ్చి పేటిక కింద ఆనింది. పెద్దావిడ తప్పుకోలేదు. ఇద్దరూ కలిసే మోశారు. చుట్టూ ఎన్ని ఫోన్లు పైకి లేచాయో లెక్కలేదు. మా కుర్రాడు మాత్రం ఫోన్ తీయలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాత్రి గదిలో కూర్చుని హైదరాబాద్ డెస్క్‌కి ఆరు లైన్ల వార్త పంపాను. పేరు స్పెల్లింగ్ కుర్రాడితో రెండుసార్లు సరిచూపించాను, వయసు ఇంకోసారి అడిగాను. మర్నాడు సింగిల్ కాలమ్‌లో వచ్చింది. దాంతో పాటు ఇంకోటి కూడా పంపాను. తొమ్మిదేళ్ల కిందటి పేజీకి ఇప్పుడు సవరణ వేయడం కుదరదన్నారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. అందుకే ఇక్కడ వేస్తున్నాను.

సవరణ: ట్యునీషియాకు చెందిన మహమ్మద్ బువజీజీ పట్టభద్రుడని 2011 జనవరిలో మా విదేశీ వార్తల పేజీలో రాశాం. ఆయన హైస్కూల్ చదువు పూర్తి చేయలేదు. మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ ఆయనను కొట్టారని రాశాం. ఆమెను కోర్టు విడిచిపెట్టింది. ఆ ఉద్యమాన్ని అక్కడివారు కరామా విప్లవం అంటారు. 2008 జనవరి నుంచి జూన్ వరకు రెదెయెఫ్, మెత్లావీ, ఉమ్ముల్ అరాయిస్, మధీలా ఊళ్లలో జరిగిన ఆందోళన వార్తను మేం ప్రచురించలేదు.